మా పెరట్లో పెళ్లి విందుకు ఆటపాటలు అమర్చిన అనుభవం

మా అక్కయ్య కూతురి పెళ్లి మాఘమాసంలో అన్నవరం కొండ మీద జరిగింది. రిసెప్షన్ మాత్రం ఫంక్షన్ హాల్లో కాకుండా, పాలకొల్లు దగ్గర మా ఊళ్లో తాతగారు కట్టించిన ఇంటి పెరట్లోనే జరగాలని అక్కయ్యా బావగారూ పట్టుబట్టారు. వంటలు, పందిరి, అలంకరణ బావగారి తమ్ముళ్లు పంచుకున్నారు. సంగీతం, నృత్యం మేనమామనైన నాకు అప్పగించారు. హాలులో అయితే గోడలు, నేల, కరెంటు సిద్ధంగా ఉంటాయి. పెరట్లో ఈ మూడింటినీ మనమే సమకూర్చుకోవాలి. ఆ పని ఎలా సాగిందో, ఇలాంటి ఏర్పాటు తలపెట్టేవారికి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ముగింపు సమయం. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగించకూడదు. మిగతా వేళల్లో కూడా రాతపూర్వకమైన అనుమతి ఉండాలి. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెళ్లు, రాత్రి పరిమితి 45. ప్రైవేటు స్థలంలో మోగించే సౌండు ఆ స్థలం సరిహద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెళ్లకు మించి దాటకూడదు. అందుచేత మేము అర్జీ పెట్టి మైకు పర్మిషన్ తీసుకున్నాక, కార్యక్రమం మొత్తాన్ని పది గంటల నుంచి వెనక్కి లెక్కించుకుంటూ వచ్చాము. చివరి పాట 9.55కి ఆగాలంటే డీజే ఎప్పుడు మొదలు కావాలి, దానికి ముందు పెద్దల భోజనాలు ఎప్పుడు పూర్తి కావాలి, అంతకుముందు కోలాటం ఎంతసేపు ఉండాలి అన్న ప్రశ్నలన్నీ ఆ ఒక్క గడియారం నుంచే పరిష్కారమయ్యాయి. ముహూర్తానికి ఎంత కచ్చితంగా ఉంటామో ముగింపుకూ అంత కచ్చితంగా ఉండాలని నేను ఇంట్లో అందరికీ చెప్పాను. మా బావగారు మొదటి నుంచీ ఈ విషయంలో నా పక్షాన నిలబడ్డారు.

తరువాత ఇరుగుపొరుగు ఇళ్లకు స్వయంగా వెళ్లాను. ఫోన్లో చెప్పడం వేరు, గుమ్మంలోకి వెళ్లి పిలిచి, పాట ఎన్ని గంటలకు ఆగుతుందో చెప్పి రావడం వేరు. ప్రహరీ వెనుక ఇంట్లో ఒక బాలింత, నెలల పసికందు ఉన్నారని, తూర్పు వైపు ఇంట్లో ఇంటర్ పరీక్షలకు చదువుకుంటున్న అమ్మాయి ఉందని అప్పుడే తెలిసింది. సౌండు బాక్సులు ఎక్కడ పెట్టాలన్నది ఈ రెండు ఇళ్లను బట్టే నిర్ణయమైంది.

సౌండు కుర్రవాళ్లు సాధారణంగా ఇంటి గోడకు ఆనించి రెండు పెద్ద బాక్సుల వరుసలు పేర్చి, పెరటి చివరి దాకా వినిపించేలా పెడతారు. చివరి వరుసలో కూర్చున్నవారికి వినిపించాలంటే ముందున్నవారి చెవులు గింగురుమనేంత పెంచక తప్పదు, ఆ శబ్దం నేరుగా వెనుక ఇంటి కిటికీలకు తగులుతుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది కాబట్టి, బాక్సులను ఆడేవారికి దగ్గరగా తెస్తే తక్కువ సౌండుతోనే సరిపోతుంది. ఈ లెక్క చెప్పి, రెండు పెద్ద బాక్సులకు బదులు నాలుగు చిన్న బాక్సులను స్టాండ్ల మీద ఆటస్థలం నాలుగు మూలలా పెట్టించి, ముఖాలు మధ్యకు తిప్పి, కాస్త కిందికి వంచమన్నాను. బేస్ బాక్సు సంగతి వేరు. ఆ గంభీరమైన శబ్దం అన్ని దిక్కులకూ పాకుతుంది, గోడలను దాటిపోతుంది. అందుకని ఒక్కదానితోనే సరిపెట్టి, వెనుక ప్రహరీకి వీలైనంత దూరంగా, ఇంటి వైపున, రబ్బరు షీటు పరిచి నేల మీదే పెట్టించాము. ముందురోజు సాయంత్రం ఒక పాట వేసి, ఫోన్లోని డెసిబెల్ మీటరు పట్టుకుని ప్రహరీ పొడవునా నడిచాను. ఫోను చూపే అంకె చట్టానికి సరిపోయే కొలత కాకపోయినా, బాక్సును ఎటు తిప్పితే ఎంత తేడా వస్తుందో స్పష్టంగా తెలుస్తుంది. బాలింత ఉన్న గదిలోకి వెళ్లి విన్న తరువాత బేస్ మరికొంత తగ్గించి, ఆ మీట ఎక్కడ ఆగాలో టేపు ముక్కతో గుర్తు పెట్టించాను.

ఆటస్థలం విషయంలో నాకు సాయపడింది మా ఊరి వడ్రంగి. పిలిచినవారు 150 మంది. వారిలో మూడోవంతు ఒకేసారి ఆడతారని, ఒక్కొక్కరికి నాలుగున్నర చదరపు అడుగులు కావాలని లెక్క వేస్తే 225 చదరపు అడుగులు వచ్చింది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ షీట్లు ఎనిమిది కలిపితే 16 అడుగుల చదరం, అంటే 256 చదరపు అడుగులు అవుతుంది. మా పెరడు కొబ్బరిచెట్ల నేల, వేళ్లు పైకి తేలి ఎగుడుదిగుడుగా ఉంటుంది. గడ్డి కోయించి, రాతిపొడి పోయించి, నీళ్లు చల్లి దిమ్మిసతో గట్టిపరిచాక, దాని మీద చెక్క పట్టీలు పరిచి 18 మిల్లీమీటర్ల షీట్లు బిగించారు. ఇటుకలు పేర్చినట్టు షీట్ల అతుకులు ఒకదాని కెదురుగా ఒకటి రాకుండా చూడమని వడ్రంగి చెప్పాడు. అలా చేస్తే నాలుగు మూలలు ఒకచోట కలిసి పైకి లేవవు. పట్టుచీరల్లో, చెప్పుల్లేకుండా ఆడేవారు ఉంటారు కనుక మేకు తలలన్నీ లోపలికి దిగాయో లేదో చేత్తో తడిమి చూశాము. మాఘంలో పొద్దుగూకగానే మంచు పడుతుంది. తడిసిన ప్లైవుడ్ జారుతుంది కాబట్టి ఆటస్థలం మీద కూడా షామియానా వేయించాము. మధ్యలో రాట రాకుండా ఇనుప ఫ్రేము వేయించడం వల్ల ఖర్చు పెరిగింది కానీ, కోలాటానికి ఆ ఖాళీ తప్పనిసరి.

కరెంటుకు ఇంటి మీటరును నమ్ముకోలేదు. సౌండు, దీపాలు, వంటవారి గ్రైండర్లు అన్నీ కలిపి చూసి 15 కేవీఏ జనరేటరు అద్దెకు తెచ్చి, వీధి వైపు దూరంగా నిలిపాము. ఇంటి కరెంటు, జనరేటరు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలవకుండా ఛేంజోవర్ స్విచ్ పెట్టించడం, ఎర్త్ రాడ్ పాతించడం, లీకేజీ ఉంటే క్షణంలో పడిపోయే బ్రేకరు బిగించడం అనే మూడింటిని ఎలక్ట్రీషియన్‌తో నా కళ్లముందే చేయించాను. జనరేటరు కరెంటు వీధి లైనులోకి ఎదురు పారితే స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. నేల మీది కేబుళ్లన్నిటినీ నడకదారికి పక్కగా, ప్రహరీ వెంట తీసుకువెళ్లారు.

పాటలకు లైసెన్సు కావాలా అని డీజే అడిగాడు. కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ మతపరమైన వేడుకల్లో పాటలు వినిపించడాన్ని మినహాయిస్తుంది, వివాహానికి సంబంధించిన ఊరేగింపు, ఇతర వేడుకలు కూడా అందులోకి వస్తాయని అక్కడే వివరణ ఉంది. ఆ పేజీ చూపించాను.

ఇక కార్యక్రమం వరుస. అబ్బాయి వాళ్లది హైదరాబాదు. డప్పులు, తీన్మార్ లేనిదే వాళ్లకు పెళ్లి పూర్తయినట్టు ఉండదు. ఆ దెబ్బ హైదరాబాదు మర్ఫా వాద్యాల నుంచి వచ్చింది. యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు నిజాముల కాలంలో అక్కడ నిలబెట్టిన సంప్రదాయం అది. అంతటి వాద్యానికి గౌరవంగా చోటివ్వాలని నా కోరిక. అయితే డప్పుకు సౌండు తగ్గించే మీట ఉండదు. అందుకని సాయంత్రం ఆరున్నరకు వియ్యాలవారి రాకను వీధి చివర నుంచే డప్పులతో మొదలుపెట్టించి, గేటు దగ్గర ముగించాము. మా వైపు ఆడపడుచులు కూడా వీధిలోకి వెళ్లి వారితో కలిసి అడుగు వేశారు. రెండు కుటుంబాల మధ్య బిడియం పోయింది అక్కడే.

లోపల సన్నాయి మేళం. రెండు నాదస్వరాలు, రెండు డోళ్లు ఆ పెరటికి మైకు లేకుండానే సరిపోతాయి. ఇంటి గోడకు వీపు పెట్టి, ఎత్తైన పీట మీద కూర్చోబెడితే నాదం గోడకు తగిలి ముందుకు వస్తుంది. వాయించే ముందు వారికి తాంబూలం, బట్టలు ఇచ్చాము. వధూవరులకు అక్షతలు వేసే గంటసేపు సన్నాయే నడిచింది, మాటలు వినిపించేంత మెత్తగా.

పావు తక్కువ ఎనిమిదికి కోలాటం. ఆటస్థలం నిండాలంటే మొదట అడుగుపెట్టేది కుర్రకారు కాకూడదని నేను గట్టిగా నమ్ముతాను. కుర్రవాళ్లు ముందు ఎక్కితే నలభై దాటిన ఆడవాళ్లు కుర్చీల్లోనే ఉండిపోతారు. కోలాటం మాస్టారు మా పిన్నులకు, అత్తయ్యలకు కొన్ని వారాల ముందే అడుగులు నేర్పారు. లోపలి వలయం, బయటి వలయం ఎదురెదురుగా తిరుగుతూ, కర్రలు తగిలించుకుంటూ వచ్చాక, చివరగా జడకోలాటం వేశారు. ఇనుప ఫ్రేముకు కట్టిన రంగురంగుల తాళ్లను ఆడుతూనే జడగా అల్లి, తిరిగి అదే అడుగులతో విప్పారు. పిల్లను పెంచిన చేతులన్నీ ఒకచోట కలిసి ఆ జడ అల్లుతుంటే నా కళ్లు చెమర్చాయి.

పెద్దల భోజనాలకు పాత సినిమా పాటలు మెల్లగా మోగాయి. ఎనిమిదిన్నరకు డీజే మొదలయ్యేసరికి కోలాటం ఆడినవారిలో చాలామంది ప్లైవుడ్ పక్కనే ఉన్నారు, పిలిస్తే ఎక్కారు. పాటల జాబితా ముందే ఇచ్చి, నెట్ మీద ఆధారపడకుండా అన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించుకోమన్నాము. మాట్లాడేవారు బాక్సుల ముందుకు వస్తే మైకు కూత పెడుతుంది కాబట్టి వారికి పక్కనే ఒక చోటు కేటాయించాము.

9.45కి చివరి మూడు పాటలని ప్రకటించడం వల్ల ఎవరికీ అర్ధంతరంగా ఆపినట్టు అనిపించలేదు. 9.55కి సౌండు ఆగింది. అబ్బాయి స్నేహితులు ఇంకొక్క పాట అడిగితే బావగారే వెళ్లి, వెనుక ఇంట్లో పసిబిడ్డ ఉన్నాడని నచ్చజెప్పారు, వాళ్లు సరేనన్నారు. కుర్చీలు, గిన్నెలు బండికి ఎక్కేదాకా దీపాల కోసం జనరేటరు నడిపి, చీకట్లో ఎవరూ కేబుళ్లు పీకకుండా చూశాము. మంచు ఆరాక మరునాడు ఎండలో షీట్లు విప్పి వడ్రంగికి అప్పగించాము.