గడీ మెట్లు, మన బడి

మన బడి సంచికకు ఏదైనా రాయమని కమిటీవాళ్లు ఫోన్ చేశారు. సార్ల గురించి, ఆటల గురించి, పదో తరగతి రిజల్టు గురించి రాసేవాళ్లు మనలో చాలామందే ఉంటారు. నేను మెట్ల గురించి రాస్తాను. వాకిట్లో నుంచి పై అంతస్తుకు పోయే ఆ రాతి మెట్ల మీద కూర్చొని పాఠం అప్పజెప్పనివాళ్లు మన బడిలో లేరు. అవి ఎవరి కోసం కట్టిన మెట్లో, ఎవరిని ఎక్కనీయని మెట్లో తెలిసి కూర్చున్నవాళ్లం మాత్రం తక్కువ.

మన హైస్కూలు గడీలో, అంటే దొర కోటలాంటి ఇంట్లో నడిచింది. దొర కుటుంబం పట్నం వెళ్లిపోయాక ఖాళీగా పడి ఉన్న భవనం అది. కచ్చేరి హాలు మనకు ప్రార్థన హాలైంది. వడ్లు పోసుకున్న చీకటి గది సైన్సు గదైంది. తెలంగాణలో ఇంకా కొన్ని ఊళ్లలోనూ గడీలు ఇట్లాగే బడులయ్యాయి.

ఒక్కో మెట్టూ ఒకే రాయి. మనిషి నిలువునా పడుకుంటే ఇంకా ఇద్దరు పిల్లలు కూర్చునేంత జాగ మిగిలేది. గోడ వారగా ఉలి గాట్లు ఇప్పటికీ గరుకుగా చేతికి తగులుతాయి. నడుమ మాత్రం రాయి నున్నగా అరిగి కొద్దిగా గుంటపడింది. వానాకాలం ఆ గుంటల్లో నీళ్లు నిలిచేవి, మనం లంగాలు, నిక్కర్లు తడవకుండా అంచుల మీద కూర్చునేవాళ్లం. దొర ఇంట్లో నలుగురైదుగురు నడిస్తే అంత గట్టి రాయి అరగదు. ఆ అరుగుదలలో ఎక్కువ భాగం బడిపిల్లల కాళ్లదేనని నా నమ్మకం.

ఆరో తరగతి కింది మెట్ల మీద, పదో తరగతి పై మెట్ల మీద. ఆడపిల్లలం గోడ వైపు. ఎవరు పెట్టారో తెలియదు గానీ ఆ పద్ధతిని అందరం పాటించేవాళ్లం. పరీక్షలు పాసై బడి తెరిచిన రోజు రెండు మెట్లు పైకి జరిగి కూర్చోవడంలో ఉన్న సంబురం మార్కుల కాగితంలో ఉండేది కాదు.

నేను తొమ్మిదిలో ఉండగా జనవరి 26న వ్యాసరచనలో బహుమతి వచ్చింది. పై హాల్లో సభ. మా నాయనమ్మ వచ్చింది. ఆమె బడికి రావడం అదే మొదలు. మొదటి మెట్టు ముందర ఆగిపోయింది. చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది. నేను చెయ్యి పట్టి గుంజినా కదలలేదు. తెలుగు సారు పైనుంచి చూసి కిందికి దిగి వచ్చారు.

"రా అమ్మా, పైన కుర్చీలేసినం."

"వద్దు సారూ, నేనీడనే నిలవడ్త. ఈడికెల్లి ఇనవడ్తది."

సారు ఇంకేమీ అనలేదు. ఆమె చేతిలో చెప్పులు తీసుకొని ఆమె కాళ్ల ముందర పెట్టారు. "తొడుక్కో అమ్మా. ఇది నీ మనమరాలి బడి," అన్నారు. నాయనమ్మ నా ముఖం చూసింది, ఆయన ముఖం చూసింది. తొడుక్కుంది. గోడ పట్టుకొని ఒక్కో మెట్టు ఎక్కింది. చెప్పుల చప్పుడు ఎక్కువ కాకుండా పాదాలు మెల్లగా ఆనించడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు చెప్పింది. వాళ్ల నాయినను ఆ మెట్ల కింద వంగబెట్టి వీపు మీద బండ పెట్టారట. వెట్టికి ఒక పూట ఆలస్యంగా పోయినందుకు. చిన్నపిల్లగా తను కొట్టం పక్కన నిలబడి చూసింది. దొర పై మెట్టు మీద నిలబడి మాట్లాడుతుంటే ముఖం కనిపించేది కాదట, కాళ్లే కనిపించేవట.

మన జిల్లా చరిత్రను సోషల్ పుస్తకంలో నాలుగు వాక్యాల్లో చదివాం. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్రమహాసభ, 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం, 1949లో జాగీర్ల రద్దు. ఆ సంవత్సరాలు అంతకుముందే నాకు నోటికి వచ్చు. నాయనమ్మ మాట విన్నాక, ఆ పోరాటం కోరిన వాటిలో ఈ మెట్టు కూడా ఒకటని తెలిసింది. భూమి కోసం, వెట్టి పోవడం కోసం కొట్లాడినవాళ్లు, నిలబడి మాట్లాడే జాగ కోసమూ కొట్లాడారు.

మెట్ల కింద అరలో ఒక ఇనుప బీరువా ఉండేది, గుర్తుందా? అదే మన లైబ్రరీ. తలుపు సగమే తెరుచుకునేది, చెయ్యి లోపలికి పెట్టి తడిమి పుస్తకం తీయాలి. అట్లా చేతికి దొరికిందే వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'. ఆయన నకిరేకల్ దగ్గర చెరువు మాదారంలో పుట్టారు. అది మనకు ఎంత దూరమని! అందులో ఊరి పేరు దిమ్మెగూడెం, దొర పేరు రామభూపాల్‌రావు. నేను చదువుతున్నంత సేపూ నాకు కనిపించింది మాత్రం మన వాకిలి, మన మెట్లే. పుస్తకంలోకి మన ఊరులాంటి ఊరు వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారని తెలుగు సారు చెప్పింది కూడా ఆ బీరువా ముందరే. సారుదీ సురవరం వారి పాలమూరే. సురవరం పేరెత్తితే ఆయన గొంతు మారిపోయేది.

ఎండాకాలం ఒంటిపూట బడుల్లో, గదిలో ఉక్క భరించలేక సారు మమ్మల్ని మెట్ల నీడకు తెచ్చి కథలు చెప్పేవారు. 15వ శతాబ్దంలో మన తెలంగాణ కవి కొరవి గోపరాజు రాసిన 'సింహాసన ద్వాత్రింశిక' కథలు. విక్రమార్కుడి సింహాసనం ఎక్కబోయిన భోజరాజును బొమ్మ ఆపుతుంది. ఆయనంత దాతవా, ఆయనంత సాహసివా అని అడిగి ఒక కథ చెబుతుంది. అట్లా 32 బొమ్మలు. సారు ఒక్కో మెట్టు మీద ఒకరిని బొమ్మగా నిలబెట్టి కథ చెప్పించేవారు, భోజరాజు పాత్ర తానే వేసుకొని కింద నిలబడేవారు. ఆ కథలో మెట్లెక్కే రాజును ఆపి అర్హత అడుగుతారు. గడీ నడిచిన కాలంలో ఈ మెట్లు రాజునెప్పుడూ ఏమీ అడగలేదు, కింద నిలబడ్డ రైతునే ఆపాయి. సారు ఈ ఆటను ఈ మెట్ల మీదే ఎందుకు ఆడించారో నాకు చాలా ఏళ్లకు అర్థమైంది.

పదో తరగతిలో నాగార్జునసాగర్ తీసుకుపోయారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామ్ చూసి, అవతలి గట్టున అనుపు అనే చోటికి పోయాం. ఇక్ష్వాకు రాజుల పాత రాజధాని విజయపురిలో తవ్వి తీసిన రంగస్థలాన్ని, లోయ మునిగిపోతుందని రాయి రాయి విప్పి తెచ్చి అక్కడ మళ్లీ పేర్చారు. నాలుగు దిక్కులా మెట్ల వరసలు, నడుమ చదరంగా ఖాళీ నేల. మేమంతా మెట్ల మీద కూర్చుంటే సోషల్ సారు నడుమ నిలబడి మామూలు గొంతుతో మాట్లాడారు, చివరి వరస దాకా వినిపించింది. అంత శ్రద్ధగా పేర్చిన వాళ్లకు దండం పెట్టాలి. అయినా నాకు ఒక బాధ మిగిలింది. రాళ్లు అవే, వాటి ముందర ఉండాల్సిన ఊరు నీళ్ల కింద ఉంది. అక్కడ వేరే దారి లేదు, లక్షల ఎకరాలకు నీళ్లు రావాలి.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, పాత భవనం దగ్గర కొత్త గదులు కట్టే మాట నడుస్తోంది. మెట్లు తీసేసి స్లాబు మెట్లు పోసి, మంచిగున్న రాళ్లను గేటు పక్కన తోటలో పేర్చుదామన్న ఆలోచన ఉందని విన్నాను. పిల్లలకు గదులు కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ మన మెట్ల మీదికి ఏ నీళ్లూ రావడం లేదు. గేటు పక్కన పేరిస్తే అవి బండలు. మా ముత్తాత వంగిన జాగ, నాయనమ్మ చెప్పులు తొడుక్కున్న జాగ ఆ వాకిట్లోనే ఉంది.

వెనక కొట్టం కూలిన జాగ ఖాళీగానే ఉంది, గదులు అక్కడ కట్టవచ్చు. పాత మెట్లకు ఒక పక్క ఇనుప కమ్మీ బిగిస్తే చిన్నపిల్లలకు భయం ఉండదు. ఆ ఖర్చులో నా వంతు నేను ఇస్తాను. ఇంకొక్కటి. గడీ కాలం చూసిన పెద్దవాళ్లు ఊళ్లో ఇంకా కొద్దిమంది ఉన్నారు. ఈ ఏడు పదో తరగతి పిల్లలను వాళ్ల దగ్గరికి పంపి, చెప్పింది చెప్పినట్టు రాయించండి. మా నాయనమ్మ చెప్పింది, నాకు గుర్తున్నంత మేర, ఆమె మాటల్లోనే వేరే కాగితాల మీద రాసి ఈ వ్యాసంతో పాటు పంపుతున్నాను. దాన్ని బడి బీరువాలో పెట్టండి.