వంద రూపాయల కాయిన్ ప్యాక్‌లో మిగిలేదెంత?
ఫ్రీ మొబైల్ గేమ్‌లో ఎవరైనా ఆటలో వాడుకునే కాయిన్ల 100 రూపాయల ప్యాక్ కొంటే, ఆ గేమ్ తయారుచేసిన స్టూడియోకి వందా వచ్చేస్తుందనుకుంటాం. 18 శాతం జీఎస్‌టీ తీస్తే 84.75. దానిమీద యాప్ స్టోర్ కమిషన్ 15 శాతమైతే చేతికి 72, 30 శాతమైతే 59. సర్వర్ బిల్లు, జీతాల లెక్క ఇంకా మొదలే కాలేదు.

అసలు దెబ్బ తగిలేది ప్రచారం దగ్గర. ఒక్కో ఇన్‌స్టాల్‌కి 20 రూపాయలు పోశారనుకోండి. రోజుకు సగటున 50 పైసలు తెచ్చే ఆటగాడు 12 రోజుల్లో మానేస్తే తిరిగొచ్చేది 6. అక్కడ బడ్జెట్ పెంచితే నష్టమే పెరుగుతుంది!

ముందు ఇన్‌స్టాల్ చేసుకున్నాక మొదటి రోజు, ఏడో రోజు ఎంతమంది మిగిలారో చూడాలి. మొదటి లెవెల్ పూర్తికాకముందే ఆఫర్ పాపప్ మీదపడితే ఎవరుంటారు చెప్పండి? యాడ్ పెట్టాలంటే ఓడిపోయిన చోట, 'ఇంకో ఛాన్స్' బటన్ వెనక పెట్టండి. అది తమకు కావాలనే చూస్తారు.