ఎఫ్40 ఎడమ తలుపు: కింది మూలలో మొండికేసిన 0.42 మిల్లీమీటర్లు

పాలిష్ పూర్తయిన 1:24 (అసలు కారులో ఇరవై నాలుగో వంతు) ఫెరారీ ఎఫ్40 నమూనా కారుకి తలుపులు బిగించి చూస్తే, ఎడమ తలుపు వెనుక అంచున కింది మూల మళ్లీ బయటికే నిలిచింది. ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పలుచని రేకులు) కొలిస్తే సందు ముందు అంచులో 0.17 మి.మీ., వెనుక పై మూలలో 0.18, కింది మూలలో మాత్రం 0.42, పైగా తలుపు అక్కడ బాడీ కంటే 0.3 మి.మీ. ఎత్తుగా ఉంది. అసలు కారు కొలతలో అది పది మిల్లీమీటర్ల సందు, ఏడు మిల్లీమీటర్ల ఎత్తు. కుడి తలుపు, ఇంజిన్ మూత ఏ పేచీ లేకుండా కూర్చున్నాయి.

రంగు మందాన్ని అనుమానించడానికి వీల్లేదు. ప్రైమర్ (అడుగు పూత), ఎరుపు, క్లియర్ (పైన వేసే పారదర్శక మెరుపు పూత) కలిసి ఎదురెదురు అంచుల మీద దాదాపు 0.23 మి.మీ. చేరతాయని లెక్కగట్టి, రంగుకు ముందే చుట్టూ 0.40 వదిలాను, ముందు అంచులో ఆ లెక్క సరిపోయింది. కీలు తీసేసి, తలుపును టేపుతో నిలిపి కొలిచినా అదే 0.42 వచ్చింది. ఛాసిస్ (బాడీ కింద బిగించే అడుగు భాగం) ఊడదీస్తే మాత్రం సందు 0.24కి తగ్గింది. ఛాసిస్ అంచు గడపకు, అంటే తలుపు కింది బాడీ పట్టీకి, ఆనుతోందేమోనని దానిని 0.2 మి.మీ. అరగదీసినా 0.38 దగ్గరే ఆగింది. కాబట్టి ఛాసిస్‌ను పట్టి ఉంచే ముందు, వెనుక కొక్కేలు బాడీని సాగదీస్తుంటే, తలుపు తెరుచుకునేలా బాడీ నుంచి కోసేశాక బలం తగ్గిన గడప కిందికీ లోపలికీ ఒరుగుతోందని నా ఊహ. ఎడమ గడప ప్లాస్టిక్ 1.1 మి.మీ., కుడివైపుది 1.3, ఒక్క వైపే తేడా రావడానికి అదే కారణం కావచ్చు.

1987లో వచ్చిన అసలు ఎఫ్40లో ప్రధాన బలం ఉక్కు గొట్టాల చట్రానిది. కెవ్లార్, కార్బన్ ఫైబర్ ప్యానెళ్లను దానిమీద అతికించారు, రంగును కింది నేత కనిపించేంత పలుచగా వేశారు. సందుల సమానత్వంలో అది నేటి ఖరీదైన కార్లకు సాటి రాదు కనుక, గీత గీసినట్లున్న సందులతో, అద్దంలాంటి క్లియర్‌తో చేసిన నమూనాలు నాకు ఎఫ్40లా అనిపించవు. అసలు కొలతలో అయిదారు మిల్లీమీటర్ల సందుకు నాకు అభ్యంతరం లేదు, పది మాత్రం ఒప్పుకోలేను. టమియా టీఎస్-8 ఎరుపు స్ప్రే, మిస్టర్ సర్ఫేసర్ 1500 ప్రైమర్ పలుచగా కుదిరాయి. టూకే (రెండు ద్రవాలు కలిపి వేసే) క్లియర్ మెరుపు గొప్పదే గాని, అంచుల్లో పేరుకుంటుంది. తెరుచుకునే తలుపులున్న బాడీకి దానిని నేను వాడను.

ఇప్పుడు 1 మి.మీ. చదరపు ఇత్తడి కడ్డీని గడప లోపలి వైపు, తలుపు వెనుక స్తంభం దాకా వంచి, ఛాసిస్ బిగించి, గడపను సరైన చోటికి నొక్కి ఉంచి ఎపాక్సీతో అతికిస్తాను. సూపర్ గ్లూ వాడను, దాని ఆవిరి క్లియర్‌ను మసకబారుస్తుంది. సందు 0.25కి దిగితే చాలు, రంగు ముట్టుకోను. తర్వాత చేయబోయే లంబోర్గినీ కౌంటాచ్ నమూనాకు తలుపు కోయకముందే ఇలాంటి ఇత్తడి కడ్డీ లోపల పెట్టి, కొక్కేల బదులు నాలుగు మూలలా ఎం1.4 (1.4 మి.మీ. మందం) స్క్రూలు వేయాలనుకుంటున్నాను.