జీతం ఆగితె తెలుస్తది ఎవరెంత మారిండ్రో

గల్ఫుకు వచ్చి మస్తు నేర్చుకున్నం, మారినం అని అందరం చెప్పుకుంటం గానీ అది ఎంతవరకు నిజమో తెల్వాలంటె ఒక్క రెండు నెలలు జీతం ఆగాలె. ఈ ఎండాకాలం దుబాయ్‌ల మా లేబర్ క్యాంపుల అదే అయింది. కంపెనీ పేరెందుకు గానీ ప్రాజెక్టు బిల్లు రాలేదని జీతాలు ఆపిండ్రు, ఫోర్‌మన్‌ను అడిగితె వచ్చే వారం అంటడు, క్యాంప్ బాస్‌ను అడిగితె ఆఫీసుల అడుగు అంటడు, ఆఫీసోళ్లు ఫోన్ ఎత్తరు.

మా రూంల ఒక అన్న ఉంటడు, జగిత్యాల దిక్కు, ఏసీ డక్టు పని. మొదటిసారి వచ్చినప్పుడు ఏజెంటుకు కట్టనీకి నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిండట. అంటే లక్షకు ఏడాదికి 36 వేలు ఒట్టి మిత్తే, అసలు అట్లనే ఉంటది. మొదటి కాంట్రాక్టంతా దానికే పోయింది. ఇంటికి ఏ ముచ్చట చెప్పకపోవుడు, జరం వచ్చినా డ్యూటీకి పోవుడు, ఓటీ (ఓవర్‌టైం) అంటె అందరికంటె ముందు పేరు రాయిచ్చుకునుడు, సైటు మీద ఎవడేమన్నా తలకాయ దించుకొని ఆ కోపం రాత్రి రూంల వంటకాడ తీసుడు, ఇవన్నీ అప్పుడు పడ్డ అలవాట్లేనని ఆయనే చెప్తడు.

అప్పు తీరినంక మనిషి నిజంగనే మారిండు. మళ్ల మిత్తి పైసలు ముట్టలే, రూంల చిట్టీ పెట్టిచ్చిండు, జీతం స్లిప్పు చదువుడు నేర్చుకున్నడు. బేసిక్ జీతం ఎంతనో చూసుకోండ్రి, పని ఇడిసి పోయేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ దాని మీదనే, మొదటి ఐదేండ్లు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత 30 రోజులది అని మాకు చెప్పింది ఆయనే, చానమందికి ఇది ఇంటికి పోయే రోజు దాక తెల్వది. పాస్‌పోర్టు కంపెనీకి ఇయ్యకుండ్రి, దాచుకునే హక్కు వాళ్లకు లేదు అని కొత్త పోరగాండ్లకు చెప్పేది కూడ ఆయనే.

గసొంటి మనిషి రెండో నెల జీతం పడకపోయేసరికి మళ్ల మొదటి కాంట్రాక్టుల ఉన్నట్టు అయిండు. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పగటీలి 12:30 నుంచి 3 గంటల దాక ఎండల పని చేపియ్యద్దని రూలు. అందరం నీడకు అట్టముక్కలు పరుచుకొని ఒరుగుతం. ఈ అన్న మాత్రం ఫోర్‌మన్ దగ్గరికి పోయి బేస్‌మెంట్ల ఏమన్న పనుంటె చెప్పు, చేస్త అంటడు. అరె, చేసిన పనికే పైసలు లేవు, చెయ్యని పని అడిగి తెచ్చుకునుడేంది?

రాత్రి ఇంకో కథ. ఇక్కడ వాట్సాప్ కాల్స్ నడవయి కాబట్టి బోటిమ్ యాప్‌ల మాట్లాడుతం. వదిన పైసలు ఎప్పుడు పంపుతవ్ అంటె కెమెరా పైబంకు దిక్కు తిప్పి "అంతా మంచిగనే ఉన్నది, దిర్హం రేటు జర పెరగనియ్, పంపుత" అని కట్ చేస్తడు. ఆ మీదట కూరల ఉప్పెక్కువైందని కొత్త పోరని మీద ఒకటే ఒర్లుడు.

ఎన్నేండ్లున్నా బుద్ధులు మారయి అని పక్క రూమోళ్లు నవ్విండ్రు గానీ నేనైతె ఒప్పుకోను. క్యాంపుల మిత్తికిచ్చేటోడు ఉన్నడు, చానమంది పోయి తెచ్చుకున్నరు, ఈయన ఆ గడప తొక్కలే. భయం పాతదే, అప్పు మాత్రం కొత్తగ చెయ్యలే, నా లెక్కల అది చిన్న ముచ్చట కాదు.

ఆఖరికి ఆ తిట్లు తిన్న పోరడే ఒకనాడు అన్నడు, "అన్నా, రేటు రేటు అంటున్నవ్, వదిన ఫోన్ల గూడ రేటు కనవడ్తది గదనే" అని. రూమంత ఒకటే నవ్వు, ఆయన గూడ నవ్విండు, గప్పుడే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పిండు. వదినకు ఎప్పుడో తెలుసట, మా కంపెనీలనే చేసే ఇంకొకాయన భార్య చెప్పిందట. "సంఘంల లోన్ అడిగి పెట్టిన, నీ నోటితోని ఎప్పుడు చెప్తవా అని చూస్తున్న" అన్నది.

తెల్లారి లేబర్ మినిస్ట్రీ యాప్‌ల ఫిర్యాదు పెట్టినం. 2009 నుంచి జీతాలు సర్కారు సిస్టం నుంచే పడాలె, పడకపోతె వాళ్లకు తెలుస్తది, మన పేరు బయటికి రాకుండ ఫిర్యాదు చెయ్యచ్చు. మాకు ఇదంత నేర్పినాయనే రెండు నెలలు ఆ యాప్ తెరవలే మరి. భయం అట్ల చేస్తది, తెలిసిన ఇద్దె అక్కరకొచ్చేయాల్లకు గుర్తుకు రాదు.

ఒక నెలది పడ్డది, ఇంకో నెలది రావాలె. అన్న మాత్రం బ్రేకుల ఇంకా బేస్‌మెంట్లకే పోతున్నడు, అడిగితె అక్కడ సల్లగుంటది తమ్మి అంటడు.