బండలాగుడులో గిత్తకు బహుమతి సరే, ఆవు సంగతేంటి?

సంక్రాంతి మొదలు ఉగాది దాటేదాకా ప్రకాశం జిల్లాలో ఏ ఊరి తిరునాళ్ల పాంప్లెట్ తీసుకున్నా సగం బండలాగుడుకే, అంటే గిత్తల జతతో రాతి బండను లాగించే పోటీకే పోతుంది. 'ఒంగోలు జాతి వృషభరాజముల బలప్రదర్శన' అని పెద్దక్షరాలు, బహుమతి దాతల ఫొటోలు, కింద విభాగాలు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, చివర సీనియర్స్. కొత్తగా చూసేవాళ్లకు ఈ పళ్ల లెక్క వింతగా ఉంటుంది గానీ, గొడ్డుకు పుట్టినరోజు కాగితం ఎవరిస్తారు? పళ్లు చూసే వయసు కట్టాలి. పశువుకు పైదవడ ముందువైపు పళ్లే ఉండవు. కింద ఎనిమిది. రెండేళ్లు దాటాక నడిమి జత పాలపళ్లు ఊడి పెద్ద పళ్లు వస్తాయి. ఆపైన ఒక్కో జతా మారుతూ, ఎనిమిదీ కుదురుకునేసరికి నాలుగున్నర, ఐదేళ్లు పడుతుంది. గొడవలొచ్చేదీ ఇక్కడే. సగం మొలిచిన పన్నును లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని బరి పక్కనే పంచాయితీ పెడతారు. ఆ నియమం ముందే పాంప్లెట్ మీద వేసి, పోటీ రోజు పొద్దున్నే పశువుల డాక్టరుతో నోళ్లు చూపిస్తే సరిపోయేదానికి గంటలు వృథా చేస్తారు.

బండ బరువు, బరి పొడవు, టైము ఊరిని బట్టి మారతాయి. సాధారణంగా బరి 250 అడుగులో 300 అడుగులో ఉంటుంది. చిన్న విభాగాలకు పది నిమిషాలు, పెద్దవాటికి ఇరవై దాకా ఇస్తారు. ఆ చివరి నుంచి ఈ చివరికి ఎన్ని రౌండ్లు తిరిగితే అన్ని, ఆఖరి రౌండులో బండ ఎక్కడ ఆగితే అక్కడి దాకా టేపు పట్టి కలుపుతారు. మొదటి బహుమతి అంగుళాల్లో చేజారిన జతలున్నాయి.

చూసే జనానికి ఇది బలం పోటీ. నా లెక్కలో ఇది ఆగకుండా ఉండే పోటీ. నేల మీద కదలకుండా పడి ఉన్న బండను కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్న బండను లాగడానికి కావలసినదానికంటే ఎక్కువ. ఆగిన ప్రతిసారీ ఆ మొదటి గుంజుడు మళ్లీ గుంజాలి. అందుకే మొదటి రెండు రౌండ్లు పరుగెత్తించిన జత ఐదో రౌండులో బరి మధ్యలో నిలబడిపోతుంది, నిదానంగా మొదలుపెట్టింది దాన్ని దాటిపోతుంది. మలుపు ఇంకో గండం. లోపలి గిత్త దాదాపు ఉన్నచోటే తిరగాలి, బయటి గిత్త పెద్ద చుట్టు వేయాలి. రెండింటికీ అలవాటైన వైపులుంటాయి. ఎడమ గిత్తను కుడికి మార్చి కట్టారంటే ఎంత బలమున్నా మలుపులోనే టైము పోతుంది. ఎత్తు తేడా ఉన్న జతకు కాడి ఒక పక్కకు వాలి, పొట్టిదాని మెడ మీద బరువు పడి తోలు ఒరుసుకుపోతుంది.

దుక్కిలో ఎద్దు గంటల తరబడి నిలకడగా లాగగలిగేది తన బరువులో పదో వంతు, మహా అయితే ఏడో వంతు. అంటే ఆరు క్వింటాళ్ల గిత్తకు అరవై నుంచి ఎనభై కిలోల లాగుడు. టన్ను దాటిన బండకు కావలసింది దీనికి ఎన్నో రెట్లు. ఆ బలం గిత్తలో ఉంటుంది, కానీ నిమిషాల లెక్కనే ఉంటుంది. కాబట్టి ఎప్పుడు ఊపిరి తీసుకోనివ్వాలో తెలిసినవాడే మంచి తోలేవాడు. నోరు తెరిచి నాలుక బయటపెట్టి రొప్పుతున్న గొడ్డును చెర్నాకోలతో కొడితే అది నాలుగడుగులు వేస్తుందేమో గానీ, ఆ రౌండు పూర్తి చేయదు. ములుకోల సంగతి వేరే చెప్పక్కర్లేదు. బరువు లాగే పశువుల మీద ముల్లు కర్ర వాడకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా వాటిని కాడికి కట్టకూడదనీ అందులోనే ఉంది. ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం సీనియర్స్ పెట్టే కమిటీలు అది చదవాలి. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండి పందేలనూ ఆపేసింది, 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం వాటిని మళ్లీ అనుమతిస్తూ తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న సవరణ చట్టాలను నిలబెట్టింది. ఇన్నేళ్ల వాదనంతా పశువును ఎలా చూస్తున్నారన్నదాని చుట్టూనే తిరిగింది.

మేత దగ్గర జరిగే పొరపాటు ఇంకా పెద్దది. పోటీకి వారం ముందు ఉన్నట్టుండి ఉలవలు, పత్తి గింజలు, తవుడు రెట్టింపు చేస్తారు. నెమరువేసే కడుపుకు కొత్త దాణా అలవాటు కావడానికి రెండు మూడు వారాలు కావాలి. హఠాత్తుగా పెంచితే కడుపులో పులుపు పెరిగి, మేత ముట్టక, పారుకుంటుంది. అందుకే రోజుకు కొంచెం చొప్పున పెంచాలి, జొన్నచొప్ప తగ్గించకూడదు. పోటీ పొద్దున నిండా మేపితే ఉబ్బిన పొట్ట ఊపిరిని అడ్డుకుంటుంది. అయ్యాక వెంటనే కట్టేయకుండా నీడలో నడిపించి, నీళ్లు కొద్దికొద్దిగా తాపాలి.

ఇంత శ్రద్ధా గిత్త మీదే. ట్రాక్టరు వచ్చాక దుక్కి పోయింది, బండి పోయింది. పందెం గిత్తను మేపడం స్తోమత ఉన్నవాళ్ల పనైంది. సన్నకారు రైతు కొట్టంలో ఇప్పుడుండేది ముర్రా బర్రె. అతన్ని తప్పుపట్టలేం. పాలకేంద్రంలో డబ్బులు వెన్న శాతాన్ని బట్టి. బర్రె పాలకు ఏడు దాకా వస్తే ఆవు పాలకు అంత రాదు. పైగా ఒంగోలు ఆవు ఆలస్యంగా ఈనుతుంది, పూటకు రెండు లీటర్లిస్తే గొప్ప. పందేలు జాతిని కాపాడుతున్నాయని మైకులో చెబుతుంటారు. సగం నిజం. గెలిచిన గిత్తలను కన్న ఆవుల పేర్లు ఆ మైకులో వినబడవు.

బ్రెజిల్‌లో నెల్లూరు పేరుతోనే నెలోర్ అని పిలిచే జాతి మన ఒంగోలు పశువు సంతతే. వాళ్లు మాంసం కోసం పెంచుతారు, మన పద్ధతి అది కాదు. కానీ 2023లో గిన్నిస్ రికార్డు ధర పలికిన వియాటినా-19 అనే నెలోర్ గిత్త కాదు, ఆవు. మూడో వంతు వాటా అమ్మిన లెక్కన దాని మొత్తం విలువ 43 లక్షల డాలర్లు దాటింది. వాళ్ల దగ్గర తల్లీతండ్రుల రికార్డు ఉంటుంది, ధర దానికే పలుకుతుంది.

మన తిరునాళ్లలో మొదటి బహుమతిలో పదో వంతు తీసి, గెలిచిన గిత్త తల్లిని మేపుతున్న రైతుకు ఇవ్వొచ్చు. అందుకు ఎంట్రీ ఫారంలో తల్లి ఎవరిది, తండ్రి ఏ ఆంబోతు లేక ఏ వీర్యం అన్న రెండు గడులు చాలు. చెవికి వేసిన ట్యాగు నంబరు రాస్తే ఇంకా మంచిది. మేలైన ఆవు ఎదకొచ్చినప్పుడు పొద్దున ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున ఒంగోలు వీర్యమే వేయించాలి. ఊళ్లో జెర్సీ వీర్యమే దొరుకుతోందంటే గుంటూరు దగ్గర లాం ఫారం, నాగులుప్పలపాడు మండలంలో చదలవాడ క్షేత్రం ఒంగోలు జాతి కోసమే ఉన్నాయి. పశువుల ఆసుపత్రిలో ముందే చెప్పి పెట్టుకోవాలి, ఎద వచ్చాక వెతికితే మళ్లీ ఎద వచ్చేదాకా 21 రోజులూ పోయినట్టే.