వెలిసిపోయిన సిరా

నిన్న వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చూశాను. మసక వెలుతురు, సిరా దాదాపు వెలిసిపోయింది. ఎంత కళ్ళు చికిలించినా అక్షరాలు ఆనలేదు. అదే భవనంలో రాజు అధికారానికి హద్దులు గీసిన ఇంగ్లండు శాసనపత్రం మాగ్నా కార్టా, 1297 నాటి ప్రతి కూడా ఉంది. రాజైనా చట్టానికి లోబడాల్సిందేనన్న మాట అంత పాతదన్నమాట!

మనిషి సహజ హక్కులు ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి అన్నాడు ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్. ఈ ప్రకటన రాసిన జెఫర్సన్ ఆస్తి తీసేసి ‘ఆనందాన్వేషణ’ అని రాశాడు. ఎంత బాగా మార్చాడో అని మురిసిపోతుంటే గుర్తొచ్చింది, ఆయన తన జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని. పైగా బానిస వ్యాపారాన్ని దుయ్యబడుతూ చిత్తుప్రతిలో ఓ పేరా రాసిందీ ఆయనే! వలస రాష్ట్రాల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్ దాన్ని కొట్టేసింది. మనుషులందరూ సమానమన్న వాక్యం మాత్రం మిగిలింది. 1852లో, బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ ఈ ప్రకటననే చూపించి దేశాన్ని నిలదీశాడు.

“నాన్నా, ఏమీ కనపడట్లేదు, వెళ్దామా?” అన్నాడు మావాడు. ఇంకో ఐదు నిమిషాలు ఆగమన్నాను.