తాకట్టు పత్రం మీద పెరిగిన వంశం: హొహెన్‌జొలెర్న్‌లు

జర్మనీ రాజవంశం హొహెన్‌జొలెర్న్‌లు అనగానే చాలామందికి ప్రష్యా సైన్యం, 1871లో వెర్సాయ్ అద్దాల మందిరంలో జరిగిన చక్రవర్తి ప్రకటన గుర్తొస్తాయి. అంతకు నాలుగున్నర శతాబ్దాల ముందు వాళ్ళు రాయించుకున్న పత్రాలు చదివితే అసలు కిటుకు తెలుస్తుంది. ఈ వంశం యుద్ధాల్లో గెలుచుకున్నదానికన్నా అప్పులిచ్చి, కొని, పెళ్ళిళ్ళు చేసుకుని సంపాదించిందే ఎక్కువ.

వీళ్ళ పేరుకు మూలమైన జొల్లెర్న్ నైరుతి జర్మనీలో, ష్వాబియాలో ఒక కొండ మీది కోట. 1061లో బుర్ఖార్డ్, వెజిల్ అనే ఇద్దరు జొల్లెర్న్ వాళ్ళు హతులయ్యారని అప్పటి వృత్తాంతంలో ఒక ముక్క ఉంది. ఈ ఇంటిపేరు మొదట కనిపించేది అక్కడే. 1190ల మొదట్లో ఈ ఇంటి ఫ్రీడ్రిష్‌కు నూరెంబర్గ్ బుర్గ్రేవ్ పదవి వచ్చింది. అంతకుముందు ఆ పదవిలో ఉన్న మామగారికి కొడుకులు లేరు, కూతురు సోఫియా ఇతని భార్య. బుర్గ్రేవ్ అంటే రాజుగారి కోటకు కాపలాదారు. కోట రాజుది, ఊరు ఊరివాళ్ళది. పదవి చిన్నదే, కానీ రాజు నూరెంబర్గ్ వచ్చిన ప్రతిసారీ ఎదురెళ్ళే మనిషి ఇతనే. ఆ దగ్గరితనమే తరవాత అక్కరకొచ్చింది. 1273లో రుడాల్ఫ్ హాబ్స్‌బర్గ్‌ను జర్మనీ రాజుగా నిలబెట్టడానికి అప్పటి బుర్గ్రేవ్ గట్టిగా తిరిగాడు.

భూములు కూడబెట్టిన తీరు చూడండి. 1248లో ఆండెక్స్-మెరానియా వంశంలో మగసంతానం అంతరిస్తే, పెళ్ళి సంబంధం పుణ్యమా అని బైరాయిట్ వచ్చింది. 1331లో ఆన్స్‌బాఖ్‌ను డబ్బిచ్చి కొన్నారు. కుల్మ్‌బాఖ్ సంగతి ఇంకా విశేషం. పిల్లలు లేని ఓర్లముండె ప్రభువుతో 1338లో ముందుగానే ఒప్పందం రాయించుకున్నారు. రెండేళ్ళకు అతను పోయాడు, ప్లాసెన్‌బర్గ్ కోటతో సహా ఆస్తి వీళ్ళకు చేరింది. 1363లో చక్రవర్తి నాలుగో చార్లెస్ వీళ్ళను రాకుమారుల హోదాకు పెంచాడు.

ఇక అసలు ఘట్టం, ఈశాన్య జర్మనీలోని బ్రాండెన్‌బర్గ్. అది అర్థం కావాలంటే ఆనాటి తాకట్టు పద్ధతి తెలియాలి. డబ్బు కావలసిన రాజు ఒక ప్రాంతాన్ని కుదువపెడతాడు. అప్పిచ్చినవాడు అక్కడి సుంకాలు, పన్నులు, జరిమానాలు అనుభవిస్తాడు. మామూలుగా ఆ రాబడి అసలులో జమ పడదు. మొత్తం అసలు ఒక్కసారి కడితేనే భూమి విడుదల. దీంట్లో పెద్ద తిరకాసు ఉంది. ఎప్పుడు విడిపించుకుపోతారో తెలియని భూమిని ఎవరు బాగుచేస్తారు? పిండుకున్నంత పిండుకుంటారు. 1388లో హంగరీ రాజు సిగిస్‌మండ్ తన కింద ఉన్న బ్రాండెన్‌బర్గ్‌ను మొరావియా పాలకుడు యోబ్‌స్ట్ చేతుల్లో పెట్టినప్పుడు జరిగింది ఇదే. యోబ్‌స్ట్ అటువైపు వచ్చిందే అరుదు. క్విట్‌జో సోదరులు డీట్రిష్, యోహాన్‌ల వంటి స్థానిక దొరలు కోటల్లో కూర్చుని ఊళ్ళను దోచుకున్నారు.

1410లో జర్మనీ రాజు ఎన్నిక వచ్చింది. రాజును ఎన్నుకునే కొద్దిమంది ప్రభువుల్లో బ్రాండెన్‌బర్గ్ ప్రభువు ఒకడు. బుర్గ్రేవ్ ఆరో ఫ్రీడ్రిష్ ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళి బ్రాండెన్‌బర్గ్ ఓటును సిగిస్‌మండ్ తరఫున తనే వేశాడు. కొద్దిరోజులకే ఎదుటి పక్షం యోబ్‌స్ట్‌నూ రాజుగా ఎన్నుకుంది. 1411 జనవరిలో యోబ్‌స్ట్ చనిపోవడంతో చిక్కుముడి విడిపోయింది. ఆ జూలైలో సిగిస్‌మండ్ ఫ్రీడ్రిష్‌ను బ్రాండెన్‌బర్గ్ పాలనాధికారిగా నియమించాడు. ఖర్చులకు హామీగా 1,00,000 హంగరీ గుల్డెన్‌లు (బంగారు నాణేలు) పత్రంలో రాశారు. అంటే ఆ సొమ్ము చెల్లించకుండా అతన్ని అక్కణ్ణించి కదిలించడానికి వీల్లేదు.

1412లో ఫ్రీడ్రిష్ అక్కడ అడుగుపెడితే ఊళ్ళు విధేయత పలికాయి, క్విట్‌జోలు పలకలేదు. "నూరెంబర్గ్ ఆటబొమ్మ" అని వెక్కిరించారని చెబుతారు. 1414 ఫిబ్రవరిలో అతను చేసిన పని మెచ్చుకోదగ్గది. నాలుగు కోటల్ని ఒకదాని తరవాత ఒకటిగా కాకుండా ఏకకాలంలో ముట్టడించాడు. ఫ్రీజాక్ దగ్గర తను, ప్లావె దగ్గర మాగ్డెబర్గ్ ఆర్చిబిషప్, గోల్‌త్సో దగ్గర సాక్సనీ డ్యూక్, బోయిటెన్ దగ్గర మిగిలిన మిత్రులు. ఒక కోటవాళ్ళు ఇంకో కోటకు సాయం వెళ్ళే దారి మూసుకుపోయింది. గోడలకు పెద్ద ఫిరంగి తెప్పించారు. "సోమరి గ్రెటె" అన్న పేరు దానికే పెట్టారని ప్రచారంలో ఉంది. అంత బరువైన ఫిరంగి నెమ్మదిగా కదిలేది కనుక పేరు సరిగ్గా అతికింది. ఎత్తుగా, సన్నగా కట్టిన పాత గోడలు నిచ్చెనల్ని ఆపగలవు గానీ రాతిగుండ్లను కాదు. నెల తిరక్కుండానే పని అయిపోయింది. డీట్రిష్ తప్పించుకున్నాడు, యోహాన్ పారిపోతూ పట్టుబడ్డాడు.

1415 ఏప్రిల్ 30న కాన్‌స్టాన్స్‌లో సిగిస్‌మండ్ అతనికి మార్గ్రేవ్ (సరిహద్దు ప్రాంత ప్రభువు) పదవి, రాజును ఎన్నుకునే హక్కు రెండూ ఇచ్చాడు. అయితే తన లక్సెంబర్గ్ వంశం ఎప్పుడైనా తిరిగి తీసుకోవచ్చని షరతు పెట్టి, విడుదల సొమ్మును 4,00,000 గుల్డెన్‌లుగా రాశారు. ఎప్పుడూ అప్పుల్లో ఉండే సిగిస్‌మండ్ అంత ఎక్కడ తెస్తాడు? నా లెక్కలో ఆ వంశం తలరాత మార్చింది ఫిరంగి కాదు, ఈ అంకె. 1417 ఏప్రిల్ 18న ఆ పదవిని లాంఛనంగా అప్పగించారు.

1420లో శత్రువులు తగలబెట్టిన నూరెంబర్గ్ బుర్గ్రేవ్ కోటను 1427లో ఊరివాళ్ళకే అమ్మేశారు. బిరుదు మాత్రం వదులుకోలేదు.

ఇలాంటి ఇళ్ళను కూల్చేది పంపకాలే. ఫ్రీడ్రిష్ కూడా 1437 వీలునామాలో నలుగురు కొడుకులకు పంచాడు. ఇద్దరు మగబిడ్డ లేకుండా పోయారు, ఒకరు తప్పుకున్నారు, 1470 నాటికి అంతా మళ్ళీ ఆల్‌బ్రెష్ట్ అఖిలెస్ ఒక్కడి చేతికొచ్చింది. అది కేవలం అదృష్టమని అతనికి తెలుసు. అందుకే 1473లో శాసనం రాయించాడు: బ్రాండెన్‌బర్గ్ చీలకుండా పెద్దకొడుక్కి, ఆన్స్‌బాఖ్, కుల్మ్‌బాఖ్ మరో ఇద్దరు కొడుకులకు. అంతకుమించి ముక్కలు చేయకూడదు. పన్నెండేళ్ళ తరవాత పక్కనే సాక్సనీని ఏలే వెట్టిన్ వంశపు సోదరులు ఎర్న్‌స్ట్, ఆల్‌బ్రెష్ట్ తమ రాజ్యాన్ని రెండుగా చీల్చుకున్నారు. ఆ రెండు శాఖల భూములు మళ్ళీ ఎన్నడూ ఒకటి కాలేదు.